సువర్ణ ఎడమ కాలు

మిర్యాలగూడ
16 జూన్ 2024

సైదులూ,

ఫోన్లో ఆపరేషన్ అన్న మాట వినగానే పెట్టేస్తున్నావు. నిన్న కూడా పెట్టేశాక ఉత్తరం రాయాలనుకున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు. చింపేయవచ్చు. చింపేముందు చదువుతావనే అనుకుంటున్నాను.

గేమ్యా రేపు లారీతో మేళ్లచెరువుకు సిమెంటు లోడుకు వెళ్తూ కోదాడలో ఆగుతానన్నాడు. అతని చేతికిస్తున్నాను.

సూర్యాపేటలో డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. కానీ ఆయన ముఖం వైపు చూడలేదు, గోడ మీది వెన్నెముక బొమ్మను చూస్తూ కూర్చున్నావు. అందుకని మళ్లీ రాస్తున్నాను. నీ నడుములో రెండు ఎముకల మధ్య ఉండే డిస్క్ పక్కకు జారి, ఎడమ కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది. నొప్పి ఒక్కటే అయితే ఆయన కోయమనేవాడు కాదు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుందని, మందులూ వ్యాయామం చాలని ఆయనే అన్నాడు. ఆయన్ను కంగారుపెట్టింది నీ పాదం. పైకి ఎత్తమంటే సగమే ఎత్తావు. బొటనవేలు అసలు లేవలేదు. నరం అలాగే నలుగుతూ ఉంటే, తర్వాత కోసినా ఆ పాదం తిరిగి రాకపోవచ్చు. కొన్ని వారాల వ్యవధి ఉందన్నాడు. నెలలు లేవన్నాడు.

ఇక్కడ మామూలే. నిన్న పొద్దున హనుమాన్‌పేట నుంచి ఒక పెద్దామె వచ్చింది. నడుం పట్టేసి వంగిపోయి ఉంది. "అమ్మను పిలువు సారూ, జర కాలు తాకిపిచ్చుకొని పోత" అంది. మీ అక్క సువర్ణ పోయి ఏడాది కావస్తోందని చెప్పాను. నేనేదో దాచిపెట్టినట్టు లోపలికి తొంగిచూసి వెళ్లింది. ఇలా ఇంకా వస్తూనే ఉన్నారు.

ఎల్లమ్మనూ అశ్వినినీ అడిగానని చెప్పు.

జనార్దన్


కోదాడ
17 జూన్

బావా, దండాలు.

నీ కవరు సూసి ఎల్లమ్మ కోర్టు నోటీసనుకొని గజగజ వణికింది. గేమ్యాగాడు గుమ్మంల నిలవడి "జవాబు తెమ్మన్నడు మీ బావ, జల్ది రాయి, లోడు లేటైతది" అని ఒకటే లొల్లి. నువ్వు కాలేజీల ఫిజిక్స్ చెప్పి రిటైరైనవ్ గని నన్నింక వదలకపోతివి. బోర్ల పండుకొని రాస్తున్న. అక్షరాలు వంకర పోతే ఎర్ర ఇంకుతోటి సున్నాలు సుట్టకు. మీ ఇంట్ల ఉండి టెన్త్ సదివినప్పటి మొట్టికాయలు ఇంక యాదికున్నయ్.

ఇగ అసలు ముచ్చట. మా ప్లాంటు గేటు కాడ డేవిడన్న ఉంటడు, నా లెక్కనే సిమెంటు బల్కర్ ట్యాంకరు నడిపేటోడు. నడుం కోపిచ్చుకున్నడు. ఇప్పుడు గేటు కాడ కుర్సీల కూసొని టోకెన్లు ఇస్తడు. లేవాలంటే ఇద్దరు పట్టాలె. నన్ను గా కుర్సీల కూసోబెడుదామనా నీ ప్లాను?

ఇంకోటి. కోపం తెచ్చుకోకు. అక్క దవాఖానలకు నడుసుకుంటనే పోయింది గద బావా. గుండెకు స్టెంటు ఏస్తరంటే సరే అన్నది. నేను ఆడనే ఉన్న. లోపలికి తీస్కపోయే తలుపు కాడ నీ చెయ్యి పట్టుకొని "మల్ల బయటికొస్తనా?" అని అడిగింది. నువ్వేమన్నవ్? "తెలియదు" అన్నవ్. గంత సదువుకున్నోనివి, వస్తవ్ అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? అక్క గా మాట చెవుల వెట్టుకొని పోయింది. నాకు దవాఖాన తలుపు అంటే అదే కండ్లల్ల మెదులుతది.

బల్కర్ పైపు గుంజి గుంజి నాకు ఎన్నిసార్లు నడుం పట్టలే? తెల్లారకముందే మీ ఇంటికి వచ్చేది. గోడకు మొఖం వెట్టి నిలవడేది. అక్క మాట్లాడకుంట ఎడమ కాలి మడిమెతోటి నడుం మీద మూడుసార్లు దువ్వేది. మూన్నాలుగొద్దులకు మల్ల స్టీరింగ్ మీద ఉండేటోన్ని. ఎదురుకాళ్లతోటి పుట్టినోళ్ల కాలుకు ఆ గుణం ఉంటదని మా ఊరు మోతెల ఎవలనడిగినా చెప్తరు. ఇప్పుడు ఆ కాలే లేకపాయె.

అందుకే ఒకటి అడుగుత. అక్క ఎడమ కాలి మెట్టె పంపు. నడుముకు కట్టుకుంట. నవ్వితే నవ్వుకో. గేమ్యా చేతికియ్యి, వాడు నమ్మకస్తుడే.

అశ్విని నిన్ను అడిగింది. "మామయ్య ఒంటికాడు, ఏం వండుకుంటుండో" అంటది.

నీ బావమరిది
సైదులు


మిర్యాలగూడ
25 జూన్

సైదులూ,

డేవిడ్ గురించి గేమ్యాను కనుక్కోమన్నాను. అతను బల్కర్ మీదికెక్కి మూత తెరుస్తూ జారి కిందపడ్డాడు. వెన్నెముక ఆ రోజే విరిగింది. కాళ్లు ఆపరేషన్‌కు ముందే పడిపోయాయి. అతనిదీ నీదీ ఒకటి కాదు.

సూర్యాపేట వెళ్లి డాక్టర్ను మళ్లీ కలిశాను. ఆపరేషన్‌లో ప్రమాదాలేమిటని అడిగాను. చెప్పాడు. కొందరికి కాలి నొప్పి పోయినా నడుం నొప్పి మిగులుతుంది. కొద్దిమందికి చీము పడుతుంది. చాలా అరుదుగా నరానికి దెబ్బ తగలవచ్చు. కొందరికి కొన్నేళ్లకు డిస్క్ మళ్లీ జారుతుంది. నీ పాదం పూర్తిగా తిరిగి వస్తుందని ఆయన హామీ ఇవ్వలేదు. ఆలస్యం చేసేకొద్దీ ఆశ తగ్గుతుందని మాత్రం అన్నాడు. ఇవన్నీ నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మీ అక్క కాలి గురించి. నడుం పట్టేస్తే నూటికి తొంభై పాళ్లు అదే వదులుతుంది. ఆమె కాలు తాకించి, మూడు రోజులు బరువెత్తొద్దని చెప్పి పంపేది. ఆ మూడు రోజుల విశ్రాంతే మందు. ఈ మాట ఆమెతో పెళ్లయిన కొత్తలోనే అన్నాను. "నేను తగ్గిస్తున్ననని ఎవలన్నరు? ఎవలు చెప్పినా వినరు, కాలు తాకినంకనే బరువు దించుతరు" అంది. నవ్వింది. అయినా ఈసారి నీకు వచ్చింది పట్టు కాదు.

తలుపు దగ్గరి మాట నిజమే. అంతకంటే రాయలేను.

మెట్టె పంపలేను.

జనార్దన్


అనంతగిరి
8 జూలై

బావా,

నీ ఉత్తరం ఎల్లమ్మ సదివింది. చీము, నరానికి దెబ్బ, మల్ల జారుడు. సదువుకుంట సదువుకుంట ఏడ్వబట్టింది. గా రాత్రే కోదాడ పక్కన అనంతగిరికి పోదామన్నది. నన్ను ఈడికి తోలింది నువ్వే, యాది పెట్టుకో.

ఈడ కట్టు కట్టే పెద్దాయన ఉన్నడు. మినప్పిండి, కోడిగుడ్డు సొన, ఏవో ఆకుల పసరు కలిపి, గుడ్డ మీద రాసి, వెదురు బద్దలు పెట్టి రొమ్ము కాడికెల్లి తుంటి దాక బిగిచ్చి కట్టిండు. అది ఎండి రాయి లెక్క అయింది. బల్ల మీద పండవెట్టిండు. పక్కకు తిరగొద్దు, లేవొద్దు. కట్టు ఎప్పుడు ఇప్పాల్నో ఆయనకే ఎరుక, అడిగితే కోపమొస్తది. మీద సిమెంటు రేకు. రేకుకు ఒక మేకు, దాని సుట్టు తడి మరక. పొద్దుగూకేదాక ఆ మరక సూసుడే నా పని. ఈగ వాలినా కొట్టెటందుకు లేదు, చెయ్యి సగమే లేస్తది. ఇరువై ఏండ్లు హైవే మీద తిరిగినోన్ని. ఇప్పుడు తుమ్ము వస్తదేమో అని భయం, తుమ్మితే బద్ద గుచ్చుతది. ఈ ఉత్తరం నేను చెప్తుంటే అశ్విని రాస్తున్నది.

మోతెల ఎదురుకాళ్లతోటి పుట్టిన కోడలు పిల్ల ఉన్నదంటే కట్టుకు ముందు ఆడికి గుడ పోయినం. ఆ పిల్ల సిగ్గుపడుకుంట కాలు గిట్ల ఆనిచ్చి గిట్ల తీసింది. పిల్లి తోక తాకినట్టున్నది. అక్క కాలుకు బరువుండేది బావా.

కని ఒకటి సంతోషం. నొప్పి తగ్గింది! పిర్ర కాడికెల్లి మడిమె దాక కరెంటు షాకు కొట్టినట్టుండేది, అది ఖతం. ఎడమ కాలు హాయిగ నిద్రపోయినట్టు ఉంటది. ఒంటికి రెంటికి లేపినప్పుడు చెప్పు నిలవడతలేదు, జారిపోతది. ఎల్లమ్మ రబ్బరు బ్యాండు ఏసింది. గంతే. నీ డాక్టరుకు చెప్పు, కోసుడు లేకుంటనే నొప్పి పోయిందని.

మెట్టె సంగతి. పంపలేనంటివి. ఎందుకు పంపలేవు? ఉంగరాలు, గొలుసు ఎవలకిచ్చినవని నేను ఏనాడన్న అడిగిన్నా? నేను అడిగింది పావు తులం లేని ఎండి ముక్క. నా తోడవుట్టిన అక్కది. అందుట్ల నాకు హక్కు లేదంటే లేదని రాయి. ఎవలకన్న ఇచ్చినవా? కరిగిచ్చినవా?

సైదులు

మామయ్యా, ఇది నేను సొంతంగా రాస్తున్న. నాన్నకు చెప్పకు. నాన్న ఎడమ పాదం మీద అగ్గిపుల్ల ముట్టినా తెలుస్తలేదు. అశ్విని.


మిర్యాలగూడ
12 జూలై

సైదులూ,

గురువారం అనంతగిరి వచ్చాను. నీ పక్కన చాలాసేపు నిలబడ్డాను. మొహం తిప్పుకోవడానికి నీకు వీలు లేదు కాబట్టి కళ్లు మూసుకున్నావు. నిద్రపోయేవాడి రెప్పలు అలా అదరవు. లేపడం బాగుండదని వచ్చేశాను.

వస్తూ సూర్యాపేటలో దిగాను. నీ ఉత్తరంలో నొప్పి, చెప్పు గురించి రాసిన వాక్యాలు డాక్టరుకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. నొప్పి పోయి బలమూ స్పర్శా పోతున్నాయంటే అది నయం కావడం కాదు. నరం చచ్చిపోతోందని అర్థం. ఇప్పటికైనా తెస్తే చూస్తానన్నాడు. ఇంకొకటి కూడా చెప్పమన్నాడు. మూత్రం రావడం కష్టమైనా, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కినా ఒక్క పూట కూడా ఆగకూడదు. ఎల్లమ్మకు ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించమని అశ్వినికి చెప్తున్నాను.

నీకు ఒక విషయం చెప్పవలసి ఉంది. అత్తమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లో ఉన్నప్పుడు నాతో ఒక మాట అంది. ఎదురుకాళ్లతో పుట్టింది సువర్ణ కాదు. నువ్వు. అలా పుట్టిన మగపిల్లవాడు మేనమామకు గండం అంటారు. మీ మామ నీ మొహం చూడడేమోనని భయపడి, ఆ పుట్టుకను ఆడపిల్ల మీద పెట్టి చెప్పింది. ఊరు అదే నమ్మింది. సువర్ణ కూడా అదే నమ్మింది.

కాబట్టి మీ నమ్మకం ప్రకారం చూసినా ఆ గుణం ఉన్నది నీ ఎడమ కాలికి. అదే ఇప్పుడు చెప్పును నిలుపుకోలేకపోతోంది. నీ కాలు నీ నడుముకు అందదు. మోతెలోనూ అనంతగిరిలోనూ ఎవరి కాళ్లో వెతకడం మానేసి, ఉన్న ఆ ఒక్క కాలును కాపాడుకో.

జనార్దన్


అనంతగిరి
14 జూలై

బావా,

అశ్విని సదువుతుంటే నవ్వు ఆగలే. నవ్వితే కట్టు కిర్రుమన్నది. పెద్దాయన ఉరికొచ్చి "పక్కటెముక ఇరిగిందా?" అన్నడు. మా బావ అబద్ధమాడిండు అని చెప్పిన. ఆయనకేం సమజ్ కాలే.

బావా, నన్ను అమ్మ నల్లగొండ పెద్ద దవాఖానల కన్నది. రెండొద్దులు నొప్పులు పడ్డా నేను బయటికి రాలే. కడుపు కోసి తీసిండ్రు. నాది తల ముందు రాలే, కాళ్లు ముందు రాలే. డాక్టరుకు ఏది దొరికితే అది వట్టుకొని గుంజిండు. ఆడోళ్ల ముచ్చట అల్లునికి ఎవలు చెప్తరు, నీకు తెల్వదు. ఇంటి బయట పుట్టినోన్ని నేనొక్కన్నే, మా మామ బస్సెక్కి పండ్లు పట్టుకొని సూడనీకె వచ్చిండట. గండం లేదు, గాడిద గుడ్డు లేదు.

ఆ కోసిన గీత నేను సూసిన. అమ్మ నాట్లకు పోయేటప్పుడు చీర ఎగగట్టి కొంగు బిగిస్తే కనవడేది, మందంగ, తాడు లెక్క. ఆ గీతతోటే వడ్ల మోపులు మోసింది. ఆ గీతతోటే నన్ను సంకనేసుకొని మోతె సంతకు నడిచింది. ఇది గిప్పుడు అశ్వినికి చెప్తుంటేనే నాకు తడుతున్నది. ఇన్నొద్దులు మేకు సుట్టు మరక సూసుకుంట పండుకున్నా తట్టలే.

నీకు అబద్ధమాడుడు రాదు బావా. ఎల్లమ్మ కూరల ఉప్పెక్కువైతే మొఖం మీదనే చెప్పేటోనివి. నువ్వు కూసొని, ఆలోచన జేసి, అత్తమ్మను మామను కలిపి కత అల్లినవ్. అక్కకు ఆడని అబద్ధం నాకు ఆడినవ్. అక్కకెందుకు ఆడలేదని ఏడాదిసంది నీ మీద కోపం పెట్టుకున్నోన్ని, ఇప్పుడు నవ్వు ఆగినంక భయమైతున్నది. నువ్వే అబద్ధానికి దిగినవంటే నా కాలు నిజంగనే పోతున్నదన్నట్టు. డాక్టరు వంద చెప్పినా నాకు గింత భయం కాలే.

పెద్దాయనను కట్టు ఇప్పమన్న. మధ్యల ఇప్పితే జిందగీల లేవవు అన్నడు. ఎల్లమ్మ పొయ్యి కాడికి పోయి కొడవలి వట్టుకొచ్చింది. ఆయనే ఇప్పుత అన్నడు.

గేమ్యా లారీల పండవెట్టి తీస్కపోత అంటుండు. గుంతలల్ల పడితే దారిలనే ఆపరేషన్ అయితది. నువ్వు కారు మాట్లాడుకొని రా.

ఒకటే కండిషన్. నేను గుడ తలుపు కాడ నిన్ను అడుగుత. తెలియదు అనకు.

సైదులు


మిర్యాలగూడ
25 ఆగస్టు

సైదులూ,

ఇప్పుడు నువ్వు ఫోన్ ఎత్తుతున్నావు. అయినా ఇది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

నిన్న సూర్యాపేటలో డాక్టరు చెప్పినవి, నువ్వు మళ్లీ గోడ బొమ్మ చూస్తున్నావు కాబట్టి, రాస్తున్నాను. కుట్లు బాగా మానాయి. పాదం ఇదివరకటికంటే పైకి లేస్తోంది. బొటనవేలు కదిలింది, ఆయనా చూశాడు, నేనూ చూశాను. మిగతాది వస్తుందో రాదో తేలడానికి ఏడాది పట్టవచ్చు. అంతవరకు చీలమండకు పట్టీ వేసుకోవాలి, చెప్పిన వ్యాయామం రోజూ చేయాలి. బల్కర్ మీదికి ఎక్కవద్దు. క్లచ్ మీద పెట్టాల్సిన కాలు అదే కాబట్టి స్టీరింగ్ సంగతి ఇప్పుడు అడగవద్దన్నాడు. కారులో కోదాడ దాకా కిటికీలోంచి లారీలను చూస్తూ కూర్చున్నావు. మునగాల దాటాక ఒక బల్కర్ మనల్ని దాటుకుని పోతే దాని నంబరు పైకి చదివావు. ఇంకొన్నాళ్లు ముందు వచ్చి ఉంటే అని నేను అనలేదు. నువ్వూ అనలేదు.

తలుపు దగ్గర నువ్వు "మల్ల నడుస్తనా?" అన్నావు. నడుస్తావు అన్నాను. అప్పుడు నాకు తెలియదు. నువ్వు నవ్వుకుంటూ లోపలికి వెళ్లావు. ఆ తర్వాత ఆ బెంచీ మీద కూర్చుని ఆ మాట ఎంత చిన్నదో చూసుకున్నాను. అంతకు మించి రాయలేను.

మెట్టెల సంగతి. నీకు హక్కు లేదని కాదు. ఎవరికీ ఇవ్వలేదు, కరిగించలేదు. అవి నా దగ్గర లేవు. ఆ రోజు స్నానం చేయించాక ఆడవాళ్లు మెట్టెలు తీయబోయారు. వాపు వల్ల రాలేదు. సబ్బు నీళ్లు తెమ్మన్నారు. ఒకామె కత్తెర అంది. నేను వద్దన్నాను. ఆ కాలిని ఇంక ఎవరూ ముట్టుకోవద్దన్నాను. మెట్టెలతోనే వెళ్లింది. నువ్వు అప్పుడు బయట కట్టెల దగ్గర ఉన్నావు. పంపలేనని రాసినప్పుడు ఇదంతా రాయాలని కూర్చున్నాను. ఆ రెండు మాటలే వచ్చాయి.

ఈ పొద్దున హనుమాన్‌పేట పెద్దామె మళ్లీ వచ్చింది. ఇంకా తెల్లగా తెల్లారలేదు. జూన్‌లో పట్టేసింది తగ్గిందట. నిన్న బిందె ఎత్తబోతే మళ్లీ పట్టేసిందట. మీ అక్క లేదని గుర్తుచేశాను. "ఎరుకే సారూ" అంది. మూడు రోజులు బరువెత్తవద్దన్నాను. కాలు తిమ్మిరెక్కినా, చెప్పు జారినా ఆ రోజే సూర్యాపేట వెళ్లమన్నాను. డాక్టరు పేరు కాగితం మీద రాసిచ్చాను. అన్నిటికీ తల ఊపింది. కాగితం కొంగున ముడేసుకుంది. కానీ కదలలేదు.

"పోత సారూ. జర కాలు తాకియ్యి."

నేను ఎదురుకాళ్లతో కాదు, తల ముందుగానే పుట్టానని చెప్పాను.

"ఎవలు సూసొచ్చిండ్రు సారూ" అంది.

అని, నువ్వు నిలబడే చోటే, గోడకు మొహం పెట్టి, రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడింది. అక్కడ సున్నం ఇప్పటికీ జిడ్డుగా ఉంటుంది, అందరి చేతులూ ఆనీ ఆనీ. ఆమె కాళ్లు వణుకుతున్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

ఎడమ చెప్పు విడిచాను.

జనార్దన్